తాళంచెవి ఎవరి దగ్గర? సుల్తానాబాద్ బడుల్లో యంత్రం, అక్షరం, స్త్రీలు

తెలంగాణ ప్రాథమిక పాఠశాలల్లో పనిచేసే ప్రధానోపాధ్యాయుల్లో ఒక వర్గాన్ని ‘ఎల్.ఎఫ్.ఎల్. హెడ్మాస్టర్లు’ అంటారు. బదిలీల జాబితాల్లో, ఉపాధ్యాయ సంఘాల కరపత్రాల్లో, సీనియారిటీ తగాదాల్లో తరచూ వినిపించే మాట ఇది. ఆ మూడక్షరాలను విడదీస్తే ‘లో ఫిమేల్ లిటరసీ’. స్త్రీల అక్షరాస్యత తక్కువగా ఉన్న ప్రాంతాల బడులకని మంజూరు చేసిన పోస్టులు కాబట్టి ఆ పేరు వచ్చింది. ఆ కుర్చీలో స్త్రీయే కూర్చోవాలన్న షరతు లేదు. వాడగా వాడగా అసలు మాట అరిగిపోయి అక్షరాలే మిగిలాయి. ఆడవాళ్లకు చదువు అందకపోవడమన్న వందల ఏళ్ల అన్యాయం చివరికి ఒక ఉద్యోగ హోదాకు పొట్టి పేరై స్థిరపడింది. ఆ పేరులో స్త్రీలున్నారన్న సంగతి పలికేవాళ్లకు గుర్తు రాదు, వినేవాళ్లకు తట్టదు.

మన బడుల్లో సాంకేతిక అక్షరాస్యత చరిత్రను ఈ పేరు దగ్గర మొదలుపెట్టడానికి కారణం ఉంది. ఈ మధ్య విద్యాశాఖ సమీక్షల్లోనూ, విశ్వవిద్యాలయాల సదస్సుల్లోనూ ప్రధానోపాధ్యాయులకు కంప్యూటర్ ఎంత తెలుసు, ఉపాధ్యాయులకు ఎంత తెలుసు, పిల్లలకు ఎంత తెలుసు అని కొలతలు తీస్తున్నారు. యాప్‌లో హాజరు వేయగలరా, ప్రొజెక్టర్ నడపగలరా, తెరమీద అభ్యాసం చేయించగలరా అన్నవి ఆ కొలతల్లోని ప్రశ్నలు. అవసరమైనవే. కానీ వాటికంటే ముందు అడగాల్సినవి మరి రెండున్నాయి. యంత్రం బడిలోకి వచ్చిన ప్రతిసారీ దాన్ని ముట్టుకునే హక్కు ఎవరికి దక్కింది? దాని చాకిరీ ఎవరి మీద పడింది? ఈ రెండూ అడిగితే యాభై ఏళ్ల కథ వేరేగా కనబడుతుంది.

నేను ఆ కథను సుల్తానాబాద్ నుంచి చూస్తున్నాను. హైదరాబాద్ నుంచి రామగుండం వెళ్లే రాజీవ్ రహదారి మీద, కరీంనగర్ దాటాక పెద్దపల్లి కంటే ముందు వచ్చే ఊరు ఇది. ఒకప్పుడు కరీంనగర్ జిల్లాలో తాలూకా కేంద్రం. 1985లో మండలాలు ఏర్పడ్డాక మండల కేంద్రమైంది. 2016 అక్టోబరు 11 నుంచి పెద్దపల్లి జిల్లాలోకి పోయింది. వరిపొలాలు, రైస్ మిల్లులు, ఇటుక బట్టీలు ఈ చుట్టుపక్కల బతుకుతెరువులు. ఇదే రోడ్డు మీద ఇంకాస్త ముందుకు పోతే రామగుండం. అక్కడ ఎన్టీపీసీ మొదటి యూనిట్ 1983లో పనిచేయడం మొదలుపెట్టింది. దక్షిణాది రాష్ట్రాలకు కరెంటు పంపిన ఈ జిల్లాలో ఆ తర్వాత కూడా ఎన్నో ఏళ్లపాటు చాలా ప్రాథమిక పాఠశాలలు స్విచ్ అనేదే లేకుండా నడిచాయి. యంత్రం రావడానికి ముందు కరెంటు రావాలి కదా. కరెంటు వచ్చాక బిల్లు ఎవరు కట్టాలన్న తగాదా తీరాలి. 2024లో ప్రభుత్వ విద్యాసంస్థలకు ఉచిత విద్యుత్తు ప్రకటించేదాకా ఈ బిల్లు సంగతి ప్రధానోపాధ్యాయుల నెత్తిమీదే ఉంటూ వచ్చింది.

ఆకాశం నుంచి వచ్చిన పాఠం

మన పల్లె బడులకు యంత్రం ద్వారా చదువు చెప్పాలన్న మొదటి పెద్ద ప్రయత్నం సైట్. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 దాకా ఏడాదిపాటు సాగింది. అమెరికా నాసా అరువిచ్చిన ఏటీఎస్-6 ఉపగ్రహంతో ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకు టీవీ కార్యక్రమాలు చేరాయి. ఆంధ్రప్రదేశ్ ఆ ఆరింటిలో ఒకటి. కోళ్లగూడుకు కట్టే జాలీలాంటి తీగతో చేసిన పెద్ద యాంటెన్నాలు, బడిలోనో పంచాయతీలోనో ఒక టీవీ, దానికొక సంరక్షకుడు. పొద్దున బడి పిల్లలకు, సాయంత్రం పెద్దలకు కార్యక్రమాలు. ఆ ఏడాదిలోనే దాదాపు 50 వేల మంది ప్రాథమిక ఉపాధ్యాయులకు సైన్స్ బోధనలో టీవీ, రేడియోల ద్వారా శిక్షణ ఇచ్చారు. కరీంనగర్ జిల్లా ఆ జాబితాలో లేదు. తెలుగు కార్యక్రమాలు తయారైంది హైదరాబాద్‌లోనే అయినా మా దిక్కు పల్లెలకు అవి అందలేదు.

ఆ ప్రయోగం గురించి రాసినవాళ్లు ఉపగ్రహం గురించి, ఖర్చు గురించి, సంకేతాల నాణ్యత గురించి బాగా రాశారు. ఆ ‘సంరక్షకుడు’ అన్న మాట దగ్గర మాత్రం ఎవరూ ఎక్కువసేపు ఆగలేదు. యంత్రానికి ఒక యజమాని అవసరమని, అతని చేతికి తాళంచెవి ఇవ్వాలని, మిగతావాళ్లు ఎదురుగా కూర్చుని చూడాలని అప్పుడే ఖాయమైంది. ఉపగ్రహం వెళ్లిపోయింది. ఆ ఏర్పాటు మాత్రం ఉండిపోయింది.

తర్వాతి అడుగు 1984-85లో పడింది. ‘క్లాస్’ అన్న పేరుతో కేంద్ర ప్రభుత్వం మొదట 250 ఉన్నత పాఠశాలలకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు పంపింది. కేంబ్రిడ్జిలోని ఏకార్న్ కంపెనీ, ఇంగ్లండు బడుల కోసం బీబీసీ నడిపిన కంప్యూటర్ అక్షరాస్యతా కార్యక్రమానికి తయారుచేసిన యంత్రాలవి. వాటికి తెలుగు రాదు. ఏబీసీడీలు వచ్చినవాళ్లతోనే అవి మాట్లాడతాయి. ఎన్నికైన కొన్ని ఉన్నత పాఠశాలలకే అవి వచ్చాయి కాబట్టి ప్రాథమిక పాఠశాల టీచరమ్మ కంటికి ఆ యంత్రం కనబడనేలేదు. ‘కంప్యూటర్ అక్షరాస్యత’ అన్న మాట మన దేశంలో చలామణీలోకి వచ్చింది ఆ రోజుల్లోనే. మన పల్లె స్త్రీలలో అత్యధికులకు తమ పేరు రాయడం రాని కాలం అది. ఒక అక్షరాస్యత అందకముందే రెండోదాని పోటీ మొదలైంది.

1986 జాతీయ విద్యావిధానం వెంట 1987లో వచ్చిన ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ నేలమీదికి దిగి ఆలోచించింది. ప్రతి ప్రాథమిక పాఠశాలకు కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు, వారిలో వీలైనంతవరకు ఒకరు స్త్రీ, కావలసిన బోధనా సామగ్రి అన్నది దాని లెక్క. బ్లాక్‌బోర్డుతో పాటు టీచరమ్మను కూడా బడికి ఉండాల్సిన కనీస అవసరంగా గుర్తించిన ప్రభుత్వ పత్రం ఇది. వస్తువుల జాబితాలో మనిషిని చేర్చడమేమిటని కోపం తెచ్చుకోవచ్చు. కానీ ఆడపిల్ల బడికి రావాలంటే అక్కడ ఒక ఆడమనిషి ఉండాలన్న ఇంగితం ఆ జాబితాలో ఉంది. 1980లలో మొదలై తర్వాత మూడో వంతుకు పెరిగిన స్త్రీల రిజర్వేషన్ కూడా తోడై, పల్లె బడి గడపలో టీచరమ్మ నిలబడింది. ఆ కాలంలోనే జిల్లాకొకటి చొప్పున డైట్‌లు ఏర్పడ్డాయి. వాటిలో ఉండాల్సిన ఏడు విభాగాల్లో ఒకటి విద్యా సాంకేతికత. పేరుకు యంత్రం ఉపాధ్యాయ శిక్షణలోకి వచ్చేసింది.

చింతగింజల సాంకేతికత

మా జిల్లా బడుల చరిత్రలో పెద్ద మలుపు 1996. ఆ ఏడు జిల్లా ప్రాథమిక విద్యా పథకం, అంటే డీపీఈపీ, ఆంధ్రప్రదేశ్‌లో మొదట ఐదు జిల్లాల్లో మొదలైంది. కరీంనగర్, వరంగల్, కర్నూలు, నెల్లూరు, విజయనగరం. జిల్లాల ఎంపికకు పెట్టుకున్న ముఖ్యమైన కొలత స్త్రీల అక్షరాస్యత జాతీయ సగటు కంటే తక్కువ ఉండడం. 1991 జనగణన ప్రకారం దేశంలో స్త్రీల అక్షరాస్యత 39 శాతం. కరీంనగర్ జిల్లాలో నలుగురు స్త్రీలలో ఒక్కరికి కూడా అక్షరం అందలేదు. అంటే మా జిల్లాకు గదులు, శిక్షణలు, మండల వనరుల కేంద్రాలు వచ్చాయంటే అవి చదువు అందని మా అమ్మమ్మల, నాయనమ్మల లెక్కతో వచ్చినవి. వాళ్ల లేమిని చూపి తెచ్చిన సొమ్ములో వాళ్లకంటూ దక్కిందెంతో అడిగినవాళ్లు తక్కువ.

డీపీఈపీలో బడికి ఏడాదికి 2,000 రూపాయలు, ఒక్కో టీచరుకు 500 రూపాయలు గ్రాంటుగా ఇచ్చేవారు. ఆ 500తో బోధనోపకరణాలు చేసుకోవాలి. చింతగింజలు, గోలీలు, పుల్లలు, అగ్గిపెట్టెలు, పాత పెళ్లిపత్రికలు, గుడ్డముక్కలు, చార్టులు. ఒకటో తరగతి పిల్ల చింతగింజలను పది పది కుప్పలుగా పోసి స్థానవిలువ నేర్చుకుంటుంది. అట్టముక్కల మీద అక్షరాలు రాసి తాడుకు గుచ్చితే పదాలు తయారవుతాయి. తెగితే మళ్లీ ముడి వేయొచ్చు, పోతే మళ్లీ ఏరుకోవచ్చు, కరెంటు అక్కర్లేదు, తాళం అక్కర్లేదు. పిల్ల చేతికి నేరుగా అందుతుంది. దీన్ని మనం సాంకేతికత అని ఎందుకు అనం? ఒక పనిని సులువు చేయడానికి మనిషి ఆలోచించి చేసిన సాధనం సాంకేతికత కాకపోతే మరేమిటి? అది కుట్టుపనిలా, ముగ్గులా, వంటలా కనబడింది కాబట్టి ‘కళానైపుణ్యం’ అయింది. ప్లగ్గు ఉన్నది మాత్రమే సాంకేతికత అయింది. స్త్రీల చేతిపనిని జ్ఞానంగా లెక్కించకపోవడం సాహిత్య చరిత్రలో మనకు తెలిసిన సంగతే. పాటలు కట్టినవాళ్లు వాగ్గేయకారులు కాలేదు, కథలు చెప్పినవాళ్లు కథకులు కాలేదు. బడిలోనూ అదే జరిగింది.

ఆ ఏళ్లలోనే నేను చదువుకున్న పల్లె బడిలో ఒక ఇనుప బీరువా ఉండేది. అందులో ఒక టీవీ, ఒక టేప్‌రికార్డర్. విద్యా సాంకేతిక పథకం కింద బడులకు పంచినవి. తాళంచెవి పెద్దసారు దగ్గర ఉండేది. ఏడాదికి రెండుమూడు సార్లు, ఎవరైనా తనిఖీకి వస్తున్నారంటే, బీరువా తెరిచేవాళ్లు. వైర్లు కలపడానికి, యాంటెన్నా తిప్పడానికి మగపిల్లల్ని పిలిచేవాళ్లు. టీవీ మీది దుమ్ము తుడవడానికి మమ్మల్ని. అలా తుడుస్తూనే వెనకవైపు ఉన్న బొడిపెలేమిటో, ఏది ఎక్కడ గుచ్చాలో చూసి నేర్చుకున్న ఆడపిల్లలున్నారు. అడగకుండా ముట్టుకోవద్దని కసురు తిన్నవాళ్లూ ఉన్నారు. యంత్రమంటే భయం ఆడవాళ్లకు పుట్టుకతో రాదు. తుడవొచ్చు గానీ తిప్పకూడదన్న నియమంలో పెరుగుతుంది.

యంత్రమా, మనిషా?

2000ల మొదట్లో ప్రాథమిక, ప్రాథమికోన్నత పాఠశాలలకు కంప్యూటర్లు రావడం మొదలైంది. సర్వశిక్షా అభియాన్ కింద, అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్ తోడ్పాటుతో, రాష్ట్రంలో ఎంపిక చేసిన బడుల్లో కంప్యూటర్ సాయంతో పాఠాలు నడిచాయి. తెలుగులో బొమ్మలతో ఆటలతో సీడీలు వచ్చాయి. ఒక్కో తెర ముందు ముగ్గురు నలుగురు పిల్లలు కూర్చుంటే మౌస్ ఎవరి చేతిలో ఉంటుంది, పక్కన కూర్చుని చూసేది ఎవరు అన్నది ఊహించడానికి పరిశోధన అక్కర్లేదు. దశాబ్దం చివరికి ఆ ఫౌండేషనే తన అనుభవాన్ని విమర్శనాత్మకంగా సమీక్షించుకుని, టీచరును పక్కన పెట్టి యంత్రం చదువు చెప్పలేదన్న నిర్ణయానికి వచ్చింది. అమెరికాలో లారీ క్యూబన్ అనే విద్యా చరిత్రకారుడు 1986లోనే ఇలాంటి సంగతి రాశాడు. సినిమా, రేడియో, టీవీ, కంప్యూటర్, ప్రతిదీ బడిని మార్చేస్తుందన్న హామీతో వస్తుంది. కొన్నాళ్లకు మూలన పడుతుంది. ఆ తర్వాత టీచర్లకు చేతకాలేదని నింద వస్తుంది. ప్రాథమిక బడుల్లో టీచర్లంటే చాలాచోట్ల ఎక్కువగా స్త్రీలే కాబట్టి ఆ నింద ఎవరి మీద పడుతుందో చెప్పనక్కర్లేదు.

2001-03 మధ్య వడోదర, ముంబై మునిసిపల్ బడుల్లో అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డుఫ్లో తదితరులు చేసిన అధ్యయనం మన చర్చకు బాగా పనికొస్తుంది. వెనకబడ్డ పిల్లలకు ‘బాలసఖి’ అనే స్థానిక యువతి విడిగా కూర్చోబెట్టి చదువు చెప్పడం ఒక పద్ధతి. వడోదరలో కంప్యూటర్ ఆటలతో లెక్కలు నేర్పడం రెండో పద్ధతి. రెండూ ఫలితమిచ్చాయి. లెక్కల్లో యంత్రం ఫలితం ఎక్కువే. కానీ ఖర్చు చూస్తే బాలసఖికి ఒక్కో పిల్లకు ఏడాదికి రెండు డాలర్ల పైచిలుకు, కంప్యూటర్‌కు దాదాపు 15 డాలర్లు. కాబట్టి బాలసఖే లాభసాటి అని తేలింది. ఈ ఫలితాన్ని ఎందరో ఉత్సాహంగా ఉదహరించారు. బాలసఖి అంత చవకగా ఎందుకు దొరికిందన్న ప్రశ్న మాత్రం ఆ ఉత్సాహంలో కొట్టుకుపోయింది. ఆమె జీతం నెలకు 500 నుంచి 750 రూపాయలు. యంత్రం ధర మార్కెట్టు నిర్ణయించింది. ఆమె ధర పితృస్వామ్యం నిర్ణయించింది. మన దగ్గర విద్యా వాలంటీర్ల కథ కూడా ఇదే. యంత్రం కంటే స్త్రీ మేలని అన్నప్పుడు అది మన గౌరవమో, మన చవకదనమో విడదీసి చూసుకోవాలి.

2008 నుంచి ఐదేళ్లపాటు రాష్ట్రంలోని 5,000 ఉన్నత పాఠశాలల్లో ప్రైవేటు కంపెనీల ద్వారా కంప్యూటర్ ల్యాబులు నడిచాయి. యంత్రాలు, బోధకులు అన్నీ కంపెనీలవే. గడువు తీరగానే బోధకులు ఇంటిదారి పట్టారు. బడికి మిగిలినవి పాత యంత్రాలు. కంపెనీ మనుషులు ఉన్నన్నాళ్లు రెగ్యులర్ టీచర్లకు ల్యాబు తమది కాదన్న భావన. వాళ్లు వెళ్లాక అది ఎవరిదీ కాదు. ప్రాథమిక బడి టీచరమ్మకు ఈ విడతలోనూ చోటు లేదు.

అక్షరం లేకుండానే కెమెరా పట్టినవాళ్లు

అక్షరం తర్వాతే యంత్రం అన్న వరుసను మన తెలంగాణలోనే కొందరు స్త్రీలు తారుమారు చేశారు. అప్పటి మెదక్ జిల్లా జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో, డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో పనిచేసే దళిత స్త్రీలు 1990ల చివర్లోనే వీడియో కెమెరా పట్టడం నేర్చుకున్నారు. వారిలో చదవడం రాయడం రానివాళ్లు చాలామంది. కెమెరా మీటల మీది ఇంగ్లీషు అక్షరాలు చదవలేకపోయినా ఏ మీట ఏం చేస్తుందో చేతితో తెలుసుకున్నారు. కింద నుంచి పైకి చూపే దృశ్యానికి వాళ్లు పెట్టుకున్న పేరు పటేల్ షాట్. దొర గద్దె మీద కూర్చుంటే కింద కూర్చున్నవాళ్లకు కనబడే తీరు అది. కళ్లకు సమానంగా పెట్టి తీసేది సంగం షాట్. సంఘంలో అందరూ ఒకే ఎత్తున చాపమీద కూర్చుంటారు కాబట్టి. తాము ఎక్కువగా సంగం షాటే తీస్తామని వాళ్లు చెప్పుకుంటారు. 2008 అక్టోబరు 15న మాచునూరులో వాళ్ల సంగం రేడియో ప్రసారాలు మొదలయ్యాయి.

సినిమా శాస్త్రం పుస్తకాలు వందల పేజీల్లో చెప్పే సంగతిని ఆ రెండు పేర్లు చెప్పేశాయి. యంత్రాన్ని నడపడమే కాదు, అది లోకాన్ని ఎక్కడి నుంచి చూస్తోందో, ఎవరిని ఎత్తులో పెడుతోందో గుర్తుపట్టడం సాంకేతిక అక్షరాస్యత. ఇందుకు వాళ్లకు సర్టిఫికెట్ అక్కర్లేకపోయింది. అవసరమైనవి మూడే. యంత్రం తమ చేతికి రావడం, చెడిపోతుందేమోనన్న కసురు లేకపోవడం, దానితో చెప్పడానికి తమదైన విషయం ఉండడం. నెల్లూరు జిల్లాలో 1990ల మొదట్లో అక్షరాస్యతా వాచకంలోని పాఠం దూబగుంట స్త్రీలను సారా మీదికి నడిపించిందంటే అక్కడా జరిగింది ఇదే. ఆ పాఠం వాళ్ల బతుకు గురించి మాట్లాడింది. మన బడుల కంప్యూటర్ పాఠం ఎవరి బతుకు గురించి మాట్లాడుతోంది?

ఫోన్ ఇంటికి వచ్చే వేళ

2020 మార్చిలో కరోనాతో బడులు మూతపడ్డాయి. ఆ ఏడు సెప్టెంబరు 1 నుంచి తెలంగాణలో మూడు నుంచి పది తరగతులకు టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి ద్వారా పాఠాలు మొదలయ్యాయి. సైట్ నాటి ఆకాశపాఠం నలభై ఐదేళ్ల తర్వాత మళ్లీ వచ్చింది. ఒకటి, రెండు తరగతుల పిల్లలు ఆ లెక్కలోనే లేరు. ఉన్నత తరగతులు 2021లో కొన్ని వారాలు తెరిచినా ప్రాథమిక పిల్లలకు 2021 సెప్టెంబరు 1 దాకా బడి లేదు. అంటే దాదాపు ఏడాదిన్నర.

టీవీ పాఠం వెంట వర్క్‌షీట్లు వాట్సాప్‌లో వచ్చేవి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం తెలంగాణలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు 26.5 శాతం, పురుషులు 57.4 శాతం. ఈ అంకెలకు పల్లె ఇంట్లో అర్థం ఏమిటంటే, ఫోన్ పొద్దున తండ్రితో పాటు పనికి పోతుంది, పొద్దుగూకినంక ఇంటికొస్తుంది. వచ్చాక మొదట అన్న చేతికి, తర్వాత చెల్లె చేతికి. తల్లి చేతికి వచ్చేది ఎవరైనా కాల్ చేస్తేనే. పిల్ల చదువును ఇంట్లో చూసుకోవాల్సింది తల్లే అని అందరూ అన్నారు. చదువు వచ్చే యంత్రం మాత్రం ఆమెది కాదు.

బోధన కూడా అప్పుడే టీచరమ్మ ఇంట్లోకి వచ్చింది. ఫోన్ ఆమెది, డేటా ఖర్చు ఆమెది, వంటింటి పనీ ఆమెదే. 2020 అక్టోబరు నుంచి నిష్ఠ శిక్షణలు కూడా దీక్షా వేదిక ద్వారా ఆన్‌లైన్‌లోకి మారాయి. మాడ్యూల్ తర్వాత మాడ్యూల్, చివర సర్టిఫికెట్. రూత్ ష్వార్జ్ కొవాన్ అనే చరిత్రకారిణి 1983లో ఒక పుస్తకం రాసింది. బట్టలుతికే యంత్రం, వాక్యూమ్ క్లీనర్ వచ్చాక అమెరికా గృహిణి పని తగ్గలేదని, శుభ్రత ప్రమాణం పెరిగి, మిగతావాళ్లు చేసే పని కూడా ఆమె మీదికే వచ్చిందని అందులో చూపించింది. మన టీచర్ల విషయంలో స్మార్ట్‌ఫోన్ చేసిన పని అచ్చం అదే. హాజరు, మధ్యాహ్న భోజనం, పుస్తకాల పంపిణీ, పరీక్ష మార్కులు, యూడైస్ వివరాలు అన్నీ తెరమీద ఎక్కించాలి. కాగితం మీద రాసే పని కూడా చాలాచోట్ల అలాగే ఉంది. డీపీఈపీ కోసం 1995లో తయారైన డైస్ అనే లెక్కల పద్ధతి 2012-13లో యూడైస్‌గా, 2018-19లో యూడైస్ ప్లస్‌గా పెరిగింది. బడి గురించి ప్రభుత్వానికి తెలిసింది ఏటేటా పెరిగింది. ఆ లెక్కల్లోంచి బడికి తిరిగి తెలిసింది ఏమిటి? 2025 నాటికి ముఖం గుర్తించే హాజరు టీచర్లకూ వచ్చింది. కొన్ని ప్రాథమిక బడుల్లో కృత్రిమ మేధతో చదవడం, లెక్కలు నేర్పే ప్రయత్నం కూడా ఆ ఏడే మొదలైంది. చూసే యంత్రమూ, నేర్పే యంత్రమూ ఒకేసారి వచ్చాయన్నమాట. మెదక్ స్త్రీల భాషలో చెప్పాలంటే మొదటిది పటేల్ షాట్. రెండోది ఏ షాట్ అవుతుందో ఇంకా తేలలేదు.

బట్టీ దగ్గరి పిల్ల

సుల్తానాబాద్, పెద్దపల్లి ఇటుక బట్టీలకు ఏటా ఒడిశా పడమటి జిల్లాల నుంచి కుటుంబాలు వస్తాయి. భార్యాభర్తలు జంటగా ఇటుకలు కొడతారు. ఆరేడు నెలలు ఇక్కడే ఉంటారు. వాళ్ల పిల్లల కోసం ఒడియాలో చదువు చెప్పే వర్క్‌సైట్ బడులు ఈ ప్రాంతంలో నడిచాయి. ఒడిశా నుంచి వచ్చిన పుస్తకాలు, ఒడియా తెలిసిన బోధకులు. తల్లి మట్టి కలుపుతుంటే చిన్న పిల్లను ఎత్తుకుని చూసుకునేది ఎనిమిదేళ్ల అక్క. పక్క రోడ్డు మీది బడిలో డిజిటల్ తెర తెలుగులోనో ఇంగ్లీషులోనో మాట్లాడుతుంది. ఆ పిల్లకు రెండూ రావు. పిల్ల పేరు ఒక రాష్ట్రపు జాబితాలో, పిల్ల ఇంకో రాష్ట్రంలో. ఈ పిల్లకు సాంకేతిక అక్షరాస్యత ఎంత అని కొలవబోతే ముందు మన జాబితాలకే పరీక్ష పెట్టాల్సి వస్తుంది.

ఇప్పుడు తాళంచెవి

2022 మార్చి 8న, మహిళా దినోత్సవం రోజున, ‘మన ఊరు మన బడి’ మొదలైంది. అందులోని 12 అంశాల్లో డిజిటల్ సౌకర్యాలు ఒకటి. 2024లో బడుల్లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు ఏర్పడ్డాయి. గ్రామ మహిళా సంఘం అధ్యక్షురాలు ఈ కమిటీకి అధ్యక్షురాలు, ప్రధానోపాధ్యాయులు కన్వీనర్. కాగితం మీద చూస్తే ఇది చిన్న సంగతి కాదు. ‘లో ఫిమేల్ లిటరసీ’ అన్న అంకె వెనక దాగిన స్త్రీలే ఇప్పుడు బడి కమిటీ కుర్చీలోకి వచ్చారు. పదుపు సంఘాల్లో పాతికేళ్లుగా బ్యాంకు లెక్కలు నడిపినవాళ్లు వీళ్లు. వాళ్లకు వచ్చిన పని మాత్రం ఎక్కువగా మరమ్మతులు చేయించి బిల్లుల మీద సంతకాలు పెట్టడం. సంతకం పెట్టే చేతికి తెర కూడా అందాలి.

అందుకు కొత్త పథకం అక్కర్లేదు. ప్రతి బడికీ యూడైస్ రిపోర్టు కార్డు ఉంటుంది. ఎవరైనా చూడొచ్చు. గదులెన్ని, టీచర్లెందరు, ఆడపిల్లలకు మరుగుదొడ్డి ఉందా, పనిచేసే కంప్యూటర్లెన్ని అన్నీ అందులో రాసి ఉంటాయి. ఒక సాయంత్రం కమిటీ సమావేశంలో టీచరమ్మ ఫోన్‌లో అది తెరిచి, ఒక్కో వరుసా తెలుగులో చదివి వినిపించి, అమ్మలు లేచి ఆ గదుల్లోకి నడిచి రాసింది ఉన్నదో లేదో చూసి వస్తే, లేనిదాన్ని లేదని రాయించి పంపితే, అది సాంకేతిక అక్షరాస్యతలో మొదటి పాఠం. ప్రధానోపాధ్యాయునికి, టీచరుకు, తల్లికి, వెంట వచ్చిన పిల్లకు ఒకే గదిలో ఒకేసారి జరిగే పాఠం. అందులో ‘పనిచేసే కంప్యూటర్లు’ అన్న వరుస వచ్చినప్పుడు ఆ పిల్లను పిలిచి, మీట నొక్కి చూడమనాలి.